పెట్టె మీద అచ్చువేయని అంకె
(గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక విశ్రాంత ప్రూఫ్‌రీడర్ చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, గ్రంథాలయాధికారి గారికి, వేదిక మీది పెద్దలకు, పోటీ పరీక్షల పుస్తకాలు పక్కన పెట్టి ఈ కాసేపు నా కోసం కూర్చున్న యువతీయువకులకు నమస్కారం. ఆహ్వానపత్రంలో నా పేరుకు ఎదురుగా ‘పఠనాభిరుచి’ అని వేశారు. ఆ అంశం మీద ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారు కనుక, ఈ ఒక్కసారికి నన్ను మన్నించి, చదివే కంటికి ఎదురుగా ఉండే తెర గురించి మాట్లాడనివ్వండి. ఈ గ్రంథాలయానికి కొత్తగా ఆరు కంప్యూటర్లు కొనబోతున్నారని తెలిసిన నాటి నుంచి నాకు ఈ మాట చెప్పాలనే ఉంది.

విజయవాడలో ఒక ముద్రణాలయంలో ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రూఫులు దిద్దాను. సీసపు అక్షరాల కాలంలో చేరి, పేజ్‌మేకర్, అను ఫాంట్ల కాలంలో విరమించాను. ‘ద’ కింద చిన్న గీత పడితే ‘ధ’, దాని కడుపులో చుక్క కూడా పడితే ‘థ’. ఆ గీత, ఆ చుక్క ఉన్నాయా లేవా అని రోజుకు కొన్ని వేలసార్లు చూడడమే నా ఉద్యోగం. అందువల్ల తెరల మంచిచెడ్డలు నాకు పుస్తకాల ద్వారా తెలియడానికి చాలాకాలం ముందే కంటి నొప్పి ద్వారా తెలిశాయి.

పాత లావుపాటి మానిటర్ల మూలన ‘టీసీఓ’ అని ఒక చిన్న స్టిక్కరు ఉండేది, మీలో వయసు మళ్లినవారికి గుర్తుండవచ్చు. అది ఏదో కంపెనీ పేరని నేను చాలాకాలం అనుకున్నాను. అది స్వీడన్‌లోని ఉద్యోగ సంఘాల సమాఖ్య పేరు. తెరల ముందు కూర్చునే గుమాస్తాల ఆరోగ్యం కోసం ఆ సంఘం 1992లో మానిటర్లకు ప్రమాణాలు పెట్టి, వాటికి తగినట్లు ఉన్నవాటికే తన ముద్ర వేయించింది. తెర ముందు కూర్చునేవాడు తనకు ఎలాంటి తెర కావాలో తానే చెప్పిన సందర్భం అది. ఈ సంగతి ఎందుకు ఎత్తానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

2012లో మా ఆఫీసులో ఆ లావుపాటి మానిటర్లు తీసేసి పలకలాంటి ఎల్‌ఈడీ మానిటర్లు పెట్టారు. అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. పదిహేను రోజులు తిరగకముందే మధ్యాహ్నం రెండు దాటేసరికి కనుగుడ్ల వెనక లాగుతున్నట్లు నొప్పి, సాయంత్రానికి వికారం మొదలయ్యాయి. నాకప్పుడు నలభై తొమ్మిదేళ్లు. ‘చత్వారం కదండీ’ అన్నారు సహోద్యోగులు. ఒక్క ఏడాదిలో మూడుసార్లు కళ్లద్దాలు మార్చాను. ఒక వైద్యుడు మానసిక ఒత్తిడి అన్నారు, మరొకరు తెర వెలుతురు తగ్గించుకోమన్నారు. నేను శ్రద్ధగా తగ్గించుకున్నాను, నొప్పి ఇంకా పెరిగింది. ఇలా వెలుతురు తగ్గించిన కొద్దీ నొప్పి పెరుగుతున్నదని చెబితే ఎవరూ నమ్మలేదు సరికదా, ఈయనకు కొత్త యంత్రాలంటే గిట్టదని ఆఫీసులో నాకొక పేరు వచ్చింది.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. ట్యూబ్‌లైట్లు ఆరిపోయాయి కానీ, యూపీఎస్ ఉండడం వల్ల మానిటర్లు వెలుగుతూనే ఉన్నాయి. వరుస తప్పకుండా తెర మీద స్టీలు స్కేలు ఆనించి చదివే అలవాటు నాది. ఆ చీకట్లో స్కేలును తెర ముందు నుంచి విసురుగా పక్కకు తీసేసరికి ఒక్క స్కేలుకు బదులు ఏడెనిమిది స్కేళ్లు విసనకర్ర పుల్లల్లా విడివిడిగా కనిపించాయి. నా కళ్లే చెడిపోయాయని భయపడి పక్కనున్న డీటీపీ కుర్రవాణ్ణి పిలిచి చూపించాను. ‘అవును మాస్టారూ, నాకూ అలాగే కనపడుతున్నాయి’ అన్నాడు. ఆ మాటతో నాకు సగం నొప్పి తగ్గినంత పనైంది. ఆ అబ్బాయే మానిటర్ వెలుతురును నూటికి నూరు చేశాడు. మళ్లీ స్కేలు ఊపితే విడివిడి పుల్లలు మాయమై, అంతా కలిసిన ఒక్క మసక మరక కనిపించింది.

కారణం తరువాత చదివి తెలుసుకున్నాను. వెలుతురు తగ్గించమని మనం అడిగినప్పుడు చాలా తెరలు దీపాన్ని నిజంగా మందగించవు. దాన్ని పూర్తిగా ఆర్పుతూ, పూర్తిగా వెలిగిస్తూ ఉంటాయి. కుళాయిని సన్నగా తిప్పడానికి బదులు, పూర్తిగా తెరిచి పూర్తిగా మూస్తూ బిందె నింపడం లాంటిదన్నమాట. సాంకేతికులు దీనిని పీడబ్ల్యూఎం అంటారు. ఆనాటి మానిటర్లలో ఈ ఆర్పడం, వెలిగించడం సెకనుకు రమారమి రెండు వందల సార్లు జరిగేది. వెలుతురు ఎంత తగ్గిస్తే చీకటి వాటా అంత పెరుగుతుంది. చూపు నిలకడగా ఉన్నప్పుడు అది మనకు తెలియదు. కానీ చదివే కన్ను నిలకడగా ఉండదు, సెకనుకు మూడు నాలుగుసార్లు పదం నుంచి పదానికి గెంతుతుంది. ఆ గెంతులో నా స్కేలుకు జరిగిందే కంటికీ జరుగుతుంది. అందరికీ బాధ కలగదు, పక్క కుర్చీలో కూర్చున్నవారికి ఏమీ కాకపోవచ్చు. బాధ కలిగేవారు మాత్రం ఏళ్ల తరబడి తమ కళ్లనే నిందించుకుంటూ ఉంటారు.

ఇది కొత్త సంగతేమీ కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు యాభై ఆవృత్తులు, ఒక్కో ఆవృత్తికి రెండు మిణుకులు కనుక పాత ఇనుప చోకు ఉన్న ట్యూబ్‌లైటు సెకనుకు వందసార్లు మిణుకుమంటుంది. బ్రిటన్‌లో ఆర్నాల్డ్ విల్కిన్స్, ఆయన సహచరులు ఒక ఆఫీసులో అలాంటి చోకులకు బదులు అధిక పౌనఃపున్యంతో పనిచేసే ఎలక్ట్రానిక్ చోకులు పెట్టి చూస్తే, ఉద్యోగుల తలనొప్పులు, కంటి బాధలు సగానికి పైగా తగ్గాయని 1989లోనే ప్రకటించారు. ఎల్‌ఈడీ దీపాల మిణుకు గురించి అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ 2015లో ఒక సిఫార్సు వెలువరించింది. దీపం పూర్తిగా ఆరుతూ వెలుగుతూ ఉన్నా, ఆ మిణుకు సెకనుకు 1250 సార్లు దాటితే ముప్పు తక్కువనీ, 3000 దాటితే గమనించదగ్గ ప్రభావమే ఉండదనీ దాని సారాంశం. మానిటర్లు తయారు చేసేవారిలో కొందరు ఈ మిణుకును తీసేసి, ‘ఫ్లికర్ ఫ్రీ’ అని చెప్పుకుని అమ్ముతూనే ఉన్నారు. అంటే ఇది చేయగలిగిన పనే, పెద్ద ఖర్చుతో కూడినదీ కాదు.

ఇంతలో ఫోన్లు ఎదురు దారి పట్టాయి. ప్రతి చుక్కా తానే వెలిగే ఓఎల్‌ఈడీ తెరలు వచ్చాక చాలా ఫోన్లు మళ్లీ సెకనుకు 240 సార్ల మిణుకుకు చేరాయి. ఇప్పుడు కొన్ని కంపెనీలు 1920, 3840 అని గొప్పగా ప్రకటించుకుంటున్నాయి, సంతోషమే. ప్రకటించనివారి మాటేమిటి? మొన్న మనవరాలి కోసం ఫోన్ల దుకాణానికి వెళ్లి, వెలుతురు తగ్గించినప్పుడు ఈ తెర ఎన్ని హెర్ట్జ్ మీద మిణుకుతుందని అడిగాను. ‘ఇది 120 హెర్ట్జ్ అంకుల్, చాలా స్మూత్’ అన్నాడు అక్కడి అబ్బాయి. 120 అనేది బొమ్మ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో చెప్పే అంకె, నేనడిగింది దీపం సంగతి. అతని తప్పేమీ లేదు, నాకు కావలసిన అంకె పెట్టె మీద ఎక్కడా లేదు.

ఇక్కడే, అయ్యా, నా అసలు ఫిర్యాదు. ఫోన్ నుంచి వచ్చే రేడియో తరంగాలు శరీరంలోకి ఎంత చేరతాయో చెప్పే సార్ విలువను మన దేశంలో కిలోకు 1.6 వాట్లకు పరిమితం చేశారు. 2012 సెప్టెంబరు నుంచి అది అమలులో ఉంది. చాలా ఫోన్లలో స్టార్ హాష్ 07 హాష్ నొక్కితే ఆ విలువ కనిపిస్తుంది. ఫ్రిజ్ మీద ఎన్ని నక్షత్రాలో, బిస్కెట్ పొట్లం మీద చక్కెర ఎంతో అచ్చువేస్తారు. రోజుకు ఆరు గంటలు కంటికి ఎదురుగా పెట్టుకునే వస్తువు మీద దాని మిణుకు ఎంతో అచ్చువేయరు. నేను ప్రూఫ్‌రీడర్ని, ఉండవలసిన అంకె లేకపోతే దానిని తప్పుగానే గుర్తిస్తాను. స్వీడన్ గుమాస్తాలు ముప్పై ఏళ్ల కిందట అడిగి సాధించుకున్నట్లు మనం ఎందుకు అడగకూడదని మిమ్మల్ని అడుగుతున్నాను.

రాత్రిపూట మంచం మీద ఫోన్‌లో పీడీఎఫ్‌లు చదివే పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు. పక్కవారికి నిద్రాభంగం కాకూడదని వెలుతురు బాగా తగ్గిస్తారు. మిణికే తెరలకు అదే అన్నిటికన్నా చెడ్డ స్థితి. తెర వెలుతురును సగానికి పైనే ఉంచి, ఆండ్రాయిడ్‌లో ‘ఎక్స్‌ట్రా డిమ్’, ఐఫోన్‌లో ‘రెడ్యూస్ వైట్ పాయింట్’ అనే అమరికలు వాడండి. అవి దీపాన్ని ఆర్పి వెలిగించకుండా, రంగుల్నే మందగిస్తాయి. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు కంటికి మేలని ఒక నమ్మకం ఉంది. డ్యూసెల్డార్ఫ్ పరిశోధకులు 2013లో చిన్నవాళ్లచేత, పెద్దవాళ్లచేత ప్రూఫులు దిద్దించి చూస్తే, తెల్ల తెర మీద నల్ల అక్షరాలు ఉన్నప్పుడే ఇద్దరూ తప్పులు బాగా పట్టారు. మా వృత్తి మీదే ప్రయోగం చేసినందుకు వారికి నా నమస్కారం. నీలి కాంతిని ఆపే కళ్లద్దాల గురించి చెప్పాలంటే, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కొక్రేన్ సంస్థ పదిహేడు ప్రయోగాలను పరిశీలించి చేసిన సమీక్ష 2023లో, కనీసం తక్కువ కాలవ్యవధిలో, కంటి శ్రమ తగ్గడానికి వాటివల్ల తేడా ఉండకపోవచ్చని తేల్చింది. ఆ డబ్బు మిగుల్చుకోండి.

కంటి శ్రమకు మిణుకు ఒక్కటే కారణమని నేను అనను. జపాన్‌లో త్సుబోటా, నకమోరి అనే పరిశోధకులు 1993లో లెక్కించినప్పుడు, తీరికగా కూర్చున్నప్పుడు నిమిషానికి 22 సార్లు పడిన రెప్ప, తెర ముందు ఏడుసార్లే పడింది. కనుక ఫ్యాను గాలి ముఖానికి కొట్టకుండా కూర్చోండి, రెప్ప వేయండి, అద్దాల నంబరు సరిచూపించుకోండి. ఇవన్నీ మీకు వైద్యులు చెబుతారు. మిణుకు సంగతి ఎవరూ చెప్పడం లేదు కనుక నేను చెబుతున్నాను.

అసలు మిణకని తెర కావాలంటే కాగితంలా బయటి వెలుతురుతో కనిపించేది కావాలి. 1997లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం నుంచి పుట్టిన ఈ-ఇంక్ కంపెనీ తెరలో నల్లని, తెల్లని రేణువులు కదిలి అక్షరమవుతాయి, ఆపైన పేజీ తిప్పేవరకు కరెంటే అక్కరలేదు. 2007లో పిల్లల చౌక లాప్‌టాప్‌కు మేరీ లూ జెప్సన్ రూపొందించిన తెర మిట్టమధ్యాహ్నపు ఎండలో కూడా చదవడానికి వీలుగా ఉండేది. ఆరంగుళాల ఈ-ఇంక్ పలక మీద స్కాన్ చేసిన తెలుగు పుస్తకం తెరిస్తే ఒత్తులు చీమకాళ్లవుతాయని మాత్రం ముందే హెచ్చరిస్తున్నాను. తెలుగు పీడీఎఫ్‌కు పది అంగుళాల పలకైనా ఉండాలి, దాని ధర మామూలు విద్యార్థికి అందేది కాదు. గ్రంథాలయం అలాంటివి రెండు కొని కార్డు మీద అరువిస్తే అందుతుంది. అధ్యక్షులవారు తల ఊపారు, అది మినిట్స్ పుస్తకంలోకి ఎక్కించవలసిందిగా కోరుతున్నాను.

సమయం మించిపోయిందని చీటీ పంపారు, చూశాను. చివరి మనవి ఆ ఆరు కంప్యూటర్ల గురించే. కొటేషన్లు పిలిచేటప్పుడు ‘ఏ వెలుతురులోనైనా మిణుకు లేని మానిటర్’ అని ఒక్క పంక్తి చేర్చండి. సరుకు వచ్చిన రోజున సంతకం పెట్టే ముందు గది చీకటి చేసి, తెరంతా తెల్లగా పెట్టి, వెలుతురును పాతికకు తగ్గించి, ముందు నుంచి ఒక స్కేలు ఊపి చూడండి. విసనకర్ర కనిపిస్తే వెనక్కి పంపండి. ఇప్పుడున్న రెండు పాత కంప్యూటర్లను కూడా ఒకసారి చూడాలని ఉంది. స్కేలు నా సంచిలోనే ఉంది. వందన సమర్పణ అయ్యాక ఆ గది కిటికీలు మూసి, లైట్లు ఆర్పించవలసిందిగా గ్రంథాలయాధికారి గారిని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.