మేడిచెట్టు దిగినవాడు

(చిత్తూరులో శ్రమదినాల, అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాల, శుక్రవారం కూడికలో ఒక సంఘపెద్ద చేసిన ప్రసంగం)

అందరికీ వందనాలు. పాస్టరు అయ్యగారు ఊరెళ్తూ, ఈ వారం మీరే మాట్లాడండి అన్నారు. నేను వాక్యం చదువుకున్నవాణ్ణి కాదు, మామిడి మండీలో కాటా దగ్గర కూర్చుని బతికినవాణ్ణి. అందుకని లూకా సువార్త 19వ అధ్యాయంలో ఉన్న లెక్కల మనిషి జక్కయ్యను పట్టుకున్నాను.

జక్కయ్యది యెరికో. సుంకం వసూలు చేసేవాళ్ళకి పెద్ద, బాగా డబ్బున్నవాడు, పొట్టివాడు. యేసును చూడాలని పరుగెత్తి మేడిచెట్టు ఎక్కాడు. మన బైబిల్లో మేడి అనే రాశారు. అది చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. పైకి నిగనిగ, లోపల పురుగులు అని మనం మేడిపండును చెప్పుకుంటాం కదా, ఆ కొమ్మ మీద కూర్చున్నాయన బతుకూ అంతే.

ప్రభువు తలెత్తి చూసి, జక్కయ్యా, త్వరగా దిగు, ఈ రోజు నేను నీ ఇంట్లో ఉండాలి అన్నాడు. ముందు లెక్క తేల్చు, తర్వాత వస్తాను అనలేదు. జక్కయ్య అప్పటికి ఎవరికీ ఒక్క కాసు తిరిగివ్వలేదు. జనం గొణిగారు. వాళ్ళని తప్పు పట్టబుద్ధి కాదు నాకు. వాళ్ళలో ఎంతమంది సొమ్ము ఆ ఇంట్లో ఉందో!

అప్పుడు జక్కయ్య లేచి నిలబడి, నా ఆస్తిలో సగం పేదలకిస్తాను, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకునుంటే నాలుగింతలు ఇస్తాను అన్నాడు. ఈ నాలుగింతలు ఎక్కడిదో చూడండి. మోసం చేసినవాడు తప్పు తెలుసుకుని తిరిగిస్తే, అసలు మీద ఐదో వంతు కలిపి ఇచ్చి, ఒక పొట్టేలును బలిగా తేవాలని లేవీయకాండం 6లో ఉంది. అంటే నూరు రూపాయలకి నూట ఇరవై. నిర్గమకాండం 22లో లెక్క వేరు. గొర్రెను దొంగిలించి కోసుకున్నవాడు నాలుగు గొర్రెలియ్యాలి. జక్కయ్య తనంతట తానే ఒప్పుకున్నాడు, నూట ఇరవైతో సరిపోయేది. ఆయన మాత్రం దొంగ లెక్కే కట్టుకుని నాలుగు వందలు ఇస్తానన్నాడు. బేరం ఆడలేదు. ప్రభువు ఇంట్లోకి వచ్చి కూర్చున్నాక ఇంక బేరమేముంది?

ఇంకొకాయన కూడా డబ్బు తిరిగిచ్చాడు. మనం ఆయన్ని జక్కయ్య పక్కన పెట్టి చూడం. యూదా! డబ్బు తీసుకుని యేసును పట్టిచ్చిన శిష్యుడు. మత్తయి 27లో ఆ ముప్పై వెండి నాణేలు పట్టుకుని ప్రధాన యాజకుల దగ్గరికి వెళ్ళి, నేను పాపం చేశాను అన్నాడు. పశ్చాత్తాపపడ్డాడు అనే మాట కూడా అక్కడుంది. వాళ్ళేమో, దాంతో మాకేం పని, నువ్వే చూసుకో అన్నారు. డబ్బు దేవాలయంలో పారేసి ఒంటరిగా వెళ్ళిపోయాడు. తర్వాత ఉరేసుకున్నాడు, మీకు తెలుసు. ఇంకో శిష్యుడు పేతురు కూడా, యేసును పట్టుకున్న రాత్రి, ఆయనెవరో నాకు తెలీదని మూడుసార్లు బొంకాడు, వెక్కి వెక్కి ఏడ్చాడు. కానీ ప్రభువు చనిపోయి తిరిగి లేచాక, ఒడ్డున ఆయన నిలబడ్డాడని తెలియగానే నీళ్ళలోకి దూకి ఆయన దగ్గరికే వెళ్ళాడు. యూదా వెళ్ళింది మాత్రం యాజకుల దగ్గరికి. ప్రభువు తిరిగి లేచేదాకా ఆ మూడు రోజులు యూదా ఆగి ఉంటే ఏమయ్యేదో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇప్పుడు నా సంగతి. మండీ పేరు వద్దు. తోతాపురి సీజన్లో బండ్లు రోడ్డు పొడుగునా నిలబడేవి. తరుగు కింద, అంటే పాడైన కాయ పేరుతో, తూకంలో కోసేది కోయగా, రైతుకిచ్చే తూకం చిట్టీలో నేను ఇంకో పది ఇరవై కిలోలు తగ్గించి రాసేవాణ్ణి. అందులో నాకు కొంత దక్కేది. రక్షణ పొందాక ఇదే మందిరంలో నిలబడి ఏడుస్తూ సాక్ష్యం చెప్పాను. మీరంతా ఆమేన్ అన్నారు. ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాను. మూడేళ్ళు అలానే నిద్రపోయాను.

ఒక రోజు ఈ జక్కయ్య భాగం చదువుతూ నాలుగింతలు దగ్గర ఆగిపోయాను. బస్సెక్కి బంగారుపాళ్యం దిగి, ఒక రైతు ఇంటికి పోయాను. విషయం చెప్పి, డబ్బు ముందర పెట్టాను. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడనుకున్నాను, నిజం చెప్తున్నా. ఆయన డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి, "మీ కాటా ఎట్లా తూగుతాదో మాకు అప్పుడే తెలుసబ్బా. చెప్తే మళ్ళీ మా కాయ దించుకోరని ఊరుకున్యాం" అన్నాడు. టీ ఇచ్చాడు. నేను లేస్తుంటే, "మా పక్కింటాయనకి ఇచ్చినావా?" అనడిగాడు.

ఇవ్వలేదు. ఆ పక్కింటాయన చనిపోయాడు. మనిషి లేకపోతే ఎలా అనేది కూడా ధర్మశాస్త్రంలో ఉంది. సంఖ్యాకాండం 5లో, తీసుకోడానికి దగ్గరి బంధువు కూడా లేకపోతే అది యెహోవాది, యాజకుడికి చేరాలి అని రాసుంది. అది చదివి, కానుక పెట్టెలో వేసేస్తే సరిపోతుంది కదా అని ఒక్క క్షణం సంతోషపడ్డాను. కానీ ఆయనకి కొడుకున్నాడు, బెంగళూరులో పని చేసుకుంటున్నాడు.

నంబరు మొన్న దొరికింది. జేబులోనే ఉంది. ఇంకా ఫోన్ చెయ్యలేదు, ఏమంటాడో అని టెన్షన్. కూడిక అయ్యాక బయటికెళ్ళి చేస్తాను. మీరు లోపల ఒక పాట పాడుతూ ఉండండి.