డ్రెయిను మూతి దగ్గర కాపలా

అందరికీ నమస్కారం. మన కాలువల్లోకి చెత్త, మురుగు దిగకుండా డ్రెయిన్లలోనే ఎలా ఆపాలో ఈ రోజు మాట్లాడుకుందాం.

బెజవాడలో ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఎక్కడెక్కడ పోతాయో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ ఎడమ వైపు తూముల్లోంచి దిగిన కృష్ణ నీళ్లే ఊరి మధ్యలో పాయలై పోతున్నాయి. 1855లో పాత ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ, 1957లో బ్యారేజీ వచ్చాక కూడా, కథ అదే. అయితే ఈ నీళ్లు పొలాలకే పోతాయనుకుంటాం. దిగువన డెల్టా పల్లెల్లో మంచినీటి చెరువులు నిండేదీ వీటితోనే. మనం వంతెన మీద నుంచి జారవిడిచిన కవరు ఎక్కడో ఒక చెరువు తూముకి చుట్టుకుంటుంది. కవరుతో పాటు కలిసినవి కంటికి కనపడవు, అంతే.

ఆదివారం పొద్దున్నే చేతి తొడుగులేసుకుని కాలువలోంచి చెత్త తీసే కార్యక్రమాలు ఏటా జరుగుతున్నాయి. మంచిదే. కానీ తీసిన చెత్తని గట్టు మీదే కుప్పపోసి, ఫొటో దిగి వెళ్లిపోతే మొదటి వానకే అది మళ్లీ కాలువలోకి దిగుతుంది. బండి వచ్చి నిలబడ్డాకే మొదటి సంచి ఎత్తాలి. నీళ్లలోకి మనుషుల్ని దింపకూడదు, పిల్లల్ని అసలే కాదు. బురదలో సీసా పెంకులుంటాయి, ఎలుకల మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వచ్చే ప్రమాదం ఉంది.

ఇంతకీ ఆ చెత్త కాలువలోకి ఎలా వస్తోంది? గట్టు మీద నిలబడి విసిరేది కొంత. మిగతాది వీధి కాలువల్లోంచి, వాన నీటి డ్రెయిన్లలోంచి వస్తుంది. యాభై అడుగుల కాలువలో చెత్త వెనక పరిగెత్తే కన్నా, నాలుగడుగుల డ్రెయినులో దాన్ని ఆపడం తేలిక. పైగా కాలువకి అడ్డంగా ఏది కట్టాలన్నా జలవనరుల శాఖ ఒప్పుకోవాలి. డ్రెయిను నగరపాలక సంస్థది, అడిగితే ఇంజినీరు వచ్చి చూస్తారు. అందుకే ఈ రోజు మాట్లాడేదంతా డ్రెయిను గురించే.

1.2 మీటర్ల వెడల్పు, 90 సెంటీమీటర్ల లోతు ఉన్న డ్రెయిను తీసుకుందాం. దీనికి ఇనప పట్టీల జాలీ ఒకటి కావాలి. 40 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీల్ని అంచు మీద నిలబెట్టి, మధ్యలో 40 మిల్లీమీటర్ల సందు వదిలితే 25 పట్టీలు పడతాయి. సందు 25 కన్నా తగ్గిస్తే ఆకులు, జుట్టు, కొబ్బరి పీచు పట్టుకుని గంటలో గోడలా తయారవుతుంది. 60 దాటితే పాల ప్యాకెట్లు జారిపోతాయి. 40 పెట్టినా గుట్కా, షాంపూ పొట్లాలు కొన్ని దూరిపోతాయి, ఒప్పుకోక తప్పదు.

జాలీని నిటారుగా నిలబెట్టకండి. పై కొస ప్రవాహం పోయే వైపు వాలేట్టు, నేలకి 45 నుంచి 60 డిగ్రీల వాలులో పెడితే పైనుంచి రేక్‌తో, అంటే పళ్లున్న పొడవాటి కర్రతో, చెత్తని పైకి లాగొచ్చు. రేక్ పళ్లు కూడా పట్టీల సందుల్లో దూరేలా చేయించుకోవాలి. ఈ ఒక్కటీ మరిచిపోయి, చివరికి చేత్తో పీకుతున్న చోట్లే ఎక్కువ. అడుగున 5 సెంటీమీటర్లు ఖాళీ వదిలితే ఇసుక పోతుంది. ఆ ఖాళీతో కలిపి ఎత్తు 60 సెంటీమీటర్లు చాలు. పైన 30 సెంటీమీటర్లు ఖాళీగా ఉండి తీరాలి. ఎందుకంటే జడివానకి జాలీ మూసుకుపోయినా నీళ్లు దాని మీదుగా పొర్లిపోవాలి. ఆ ఖాళీ లేకపోతే ఏమవుతుందో తెలుసు కదా? అర్ధరాత్రి ఇళ్లలోకి నీళ్లొస్తాయి, ఎవరో గునపం తెచ్చి జాలీ పీకేస్తారు, మళ్లీ ఎవరూ పెట్టరు. వాన నాడు చెత్త కొంత పొర్లిపోతే పోనివ్వండి.

డ్రెయిను సరిగ్గా కాలువలో కలిసే చోట దీన్ని పెట్టకూడదు. 10, 15 మీటర్లు ఎగువకి జరగాలి. కాలువ నిండుగా పారేటప్పుడు నీళ్లు డ్రెయినులోకి ఎగదన్నుతాయి. అప్పుడు జాలీ మునిగిపోయి, పట్టిన చెత్తంతా తేలి విడిపోతుంది. పక్కనే రెండు మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పున సిమెంటు గచ్చు, డ్రెయిను వైపు వాలుతో వేయించండి. తీసిన చెత్త దాని మీద ఒక రోజు నీరోడిస్తే మోసే బరువు బాగా తగ్గుతుంది. రోజుకోసారి తీయాలి, వానాకాలంలో రెండు సార్లు. తీసే మనిషి ఎవరో, జీతం ఎవరిస్తారో తేలకుండా జాలీ పెట్టకపోవడమే మేలు.

వెడల్పు డ్రెయిన్లకి జాలీ కుదరదు, తేలే అడ్డు కట్టాలి. రెండు కొసలా మూత అతికించిన 110 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపులు, వాటి కింద 30 సెంటీమీటర్ల వల, వల అడుగున బరువుకి గొలుసు, పైన ఇనప తీగ తాడు. చాలామంది తాడుని వీణ తీగలా బిగిస్తారు. అక్కడే తప్పు. ఆరు మీటర్ల వెడల్పున, సెకనుకి 0.6 మీటర్ల వేగంతో నీళ్లు పోతుంటే, చెత్తతో మూసుకుపోయిన వల మీద దాదాపు 40 కిలోల తోపుడు ఉంటుంది. తాడు మధ్యలో 60 సెంటీమీటర్లు వంగేలా వదులుగా కడితే తాడు మీద పడే లాగుడు 50 కిలోలు. 15 సెంటీమీటర్లే వంగేలా బిగిస్తే అదే లాగుడు 200 కిలోలు. వానకి వేగం రెట్టింపైతే తోపుడు నాలుగింతలు, అంటే బిగించిన తాడు మీద 800 కిలోలు. రెయిలింగుకి కడితే రెయిలింగే ఊడొస్తుంది. రెండు గట్ల మీదా కాంక్రీటు దిమ్మలు పాతి వాటికే కట్టాలి. అడ్డుని ఏటవాలుగా, ఒక గట్టు దిగువకి ఉండేట్టు వేస్తే చెత్త తనంతట తానే ఆ గట్టుకి జారి చేరుతుంది. బండి ఆగే గట్టు అదే కావాలి మరి.

గుర్రపుడెక్క ఉన్న చోట ఈ లెక్కలేవీ నిలవవు. ముందు దాన్ని తీయించాలి. ఎండాకాలంలో మురుగు దొరికితే అది రెండు వారాల్లోనే రెట్టింపు కాగలదు. తీశాక గట్టు వాలు మీద వదిలితే మళ్లీ దిగుతుంది, గట్టు దాటించి ఎండబెట్టాలి.

ఇక మురుగు సంగతి. జాలీ చెత్తనే ఆపుతుంది, మురుగుని ఆపదు. మీ డ్రెయినులో ఎంత మురుగు పోతోందో ఒక నిమ్మకాయతో తెలుసుకోవచ్చు. వాన లేని రోజు పది మీటర్లు కొలిచి, నిమ్మకాయ వేసి, ఎన్ని సెకన్లకి చేరిందో చూడండి. 33 సెకన్లు పడితే పై వేగం సెకనుకి 0.3 మీటర్లు. అడుగున నెమ్మదిగా పోతుంది కాబట్టి 0.85తో గుణించాలి. వెడల్పు 1.2 మీటర్లు, నీటి లోతు పావు మీటరు అయితే సెకనుకి 76 లీటర్లు, రోజుకి దాదాపు 66 లక్షల లీటర్లు. మనిషికి రోజుకి 135 లీటర్ల నీళ్లిస్తే అందులో 80 శాతం మురుగవుతుందని లెక్క. అంటే అది అరవై వేల మంది మురుగు. వాన లేని రోజున వాన నీటి డ్రెయిను పారుతోందంటే అర్థం అదే. పొద్దున ఏడింటికీ, మధ్యాహ్నం మూడింటికీ నీటి మట్టం ఒకేలా ఉండదు, కాబట్టి నాలుగైదు సార్లు కొలిచి సగటు తీయండి.

నీళ్లలోని కుళ్లే మురికిని సూక్ష్మజీవులు అరిగించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత బీఓడీ. ఇంటి మురుగులో అది లీటరుకి 200 నుంచి 250 మిల్లీగ్రాములు ఉంటుంది. శుద్ధి చేసి తాగడానికి వాడే నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన హద్దు 3. ఒక లీటరు మురుగు 80 లీటర్ల మంచి నీళ్లని ఆ హద్దు దాకా తెచ్చేస్తుంది. దీనికి మూలం చాలా ఇళ్లలో సెప్టిక్ ట్యాంకు బయటికొచ్చే గొట్టం. భూగర్భ డ్రైనేజీ వీధిలో ఉంటే దానికి కలపాలి. లేకపోతే ఇంకుడు గుంతకి పంపాలి, నల్లరేగడి నేలలో మాత్రం గుంత నీళ్లు ఇంకవు. ట్యాంకుని రెండు, మూడేళ్లకోసారి ఖాళీ చేయించాలి. మీరు పిలిచిన ట్యాంకరు ఆ మురుగుని ఎక్కడ పోస్తుందో కూడా అడగండి. మనిషిని మాత్రం అందులోకి దింపకూడదు, రక్షణ సామగ్రి లేకుండా దింపడం చేత్తో మలం ఎత్తించే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం.

వంతెనల మీద వల కడితే విసరడం తగ్గుతుంది. కానీ పక్కన డబ్బా లేకపోతే పూజ సామాను కవరుతో సహా వల కాళ్ల దగ్గరే వదిలేస్తారు, కుక్కలు చింపి గాలికి వదులుతాయి. పూలకి ఒక డబ్బా, ప్లాస్టిక్‌కి ఒకటి పెట్టి రోజూ ఎత్తాలి. పాత దేవుడి పటాలు చెత్త డబ్బాలో వేయడానికి ఎవరికీ మనసొప్పదు, వాటికి విడిగా ఒక అర పెట్టండి.

పనికి అదను ఎండాకాలం. కాలువకి నీళ్లు ఆపేసినప్పుడు ఏ డ్రెయిను ఎక్కడ కలుస్తోందో, అడుగున ఏం పేరుకుందో కనపడుతుంది. దిమ్మలూ జాలీలూ అప్పుడే వేసుకోవాలి. కాలువ వదిలిన మొదటి నీళ్లు ఆ పేరుకున్నదంతా ఊడ్చుకుపోతాయి. దిగువ పల్లెల వాళ్లు ఆ నీళ్లు చెరువుకి పెట్టుకోకుండా, నల్లదనం, వాసన పోయేదాకా తూము మూసి ఉంచుకోవడం మంచిది. ఈ లోపు మనం చేయాల్సింది, ప్రతి వీధి నుంచీ ఇద్దరు వచ్చి తమ డ్రెయిను వెడల్పు, లోతు, నిమ్మకాయ సెకన్లు రాసివ్వడం. కాగితం, టేపు ఆ బల్ల మీద ఉన్నాయి.