ఐదు ఓటముల తర్వాత వచ్చే శనివారం

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం పనులన్నీ పక్కన పెట్టి, పిల్లల్ని వెంటబెట్టుకుని ఈ హాలుకి వచ్చినందుకు ముందుగా కృతజ్ఞతలు.

నిన్న మన పద్నాలుగేళ్లలోపు ఫుటీ జట్టు, అంటే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఆడే మన పిల్లల జట్టు, ఐదో మ్యాచ్ కూడా ఓడిపోయింది. ఏప్రిల్‌లో సీజన్ మొదలైన దగ్గర్నుంచి ఇంకా ఒక్క గెలుపూ లేదు. రాత్రి నాకు నాలుగు ఫోన్లు వచ్చాయి. ఒక చెల్లెమ్మ ఏడుపు ఆపుకుంటూ, "అన్నయ్యా, వాడు అన్నం తినకుండా పడుకున్నాడు. ఇక ఫుటీ మాన్పించేస్తాం, శనివారాలు మ్యాథ్స్ ట్యూషన్‌కి పంపుతాం" అంది. ఆమె బాధ నాకు తెలుసు. మా ఇంట్లోనూ రాత్రి అదే పరిస్థితి. ఫోన్‌లో ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే అందరం ఒకచోట కూర్చుంటే మంచిదనిపించి ఇవాళ పిలిచాను.

ఊళ్ల నుంచి వచ్చిన తాతయ్యలు, అమ్మమ్మలు కూడా ఉన్నారు కాబట్టి ఆట గురించి రెండు ముక్కలు. ఏఎఫ్ఎల్‌లో, అంటే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్‌లో, జట్టుకి పద్దెనిమిది మంది దిగుతారు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. కాలితో తన్నవచ్చు, పిడికిలితో కొట్టి పక్కవాడికి అందించవచ్చు, విసరకూడదు. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలుంటాయి. మధ్య రెండింటి నడుమ నుంచి తన్నితే గోల్, ఆరు పాయింట్లు. గురి కాస్త తప్పి పక్క సందులోంచి పోతే బిహైండ్, ఒక పాయింటు. ఈ ఒక్క పాయింటు సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను. వారానికి ఒకటే మ్యాచ్. అందుకే ఈ ఆటలో ఓటమి మనిషిని ఏడు రోజులు పట్టుకుని ఉంటుంది. క్రికెట్ సిరీస్‌లోలాగా మూడో రోజే ఇంకో మ్యాచ్ ఆడి మరిచిపోవడం కుదరదు. ఐదు ఓటములంటే ఐదు వారాలు.

మన ఊరి జట్టు సిడ్నీ స్వాన్స్ కథ చెబుతాను. 2016లో వాళ్లు లీగ్ దశలో అందరికంటే పైన నిలిచారు. కప్పు తేల్చే గ్రాండ్ ఫైనల్లో వెస్టర్న్ బుల్‌డాగ్స్ చేతిలో 22 పాయింట్ల తేడాతో ఓడారు. మరుసటి ఏడాది మీద అందరికీ ఎంతో ఆశ. 2017 మార్చిలో మొదటి మ్యాచ్ పోర్ట్ అడిలైడ్‌తో, సొంత గ్రౌండులో. 28 పాయింట్ల తేడాతో పోయింది. రెండోది మెల్‌బోర్న్‌లో అదే బుల్‌డాగ్స్‌తో, అదీ పోయింది. మూడోది కాలింగ్‌వుడ్‌తో, మళ్లీ ఇక్కడే, సిడ్నీ క్రికెట్ గ్రౌండులో.

ఆ గ్రౌండు మనలో చాలామందికి ఇంకో రకంగా తెలుసు. మన హైదరాబాద్ లక్ష్మణ్ 2000 జనవరిలో 167 కొట్టింది అక్కడే, 2004లో మళ్లీ 178 కొట్టిందీ అక్కడే. ఎండాకాలం క్రికెట్, చలి మొదలయ్యేసరికి ఫుటీ. నేను మొదటిసారి ఆ గేటు దాటింది లక్ష్మణ్ నిలబడిన నేల చూడాలనే. తర్వాత ఫుటీ కోసం వెళ్లడం అలవాటైంది.

కాలింగ్‌వుడ్ మ్యాచ్ రాత్రి నేను స్టాండులో ఉన్నాను. ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాం. ఒకే ఒక్క పాయింటు. మ్యాచ్ అయిపోయిందని సైరన్ మోగాక నా పక్కన ఎరుపు తెలుపు స్కార్ఫ్ కట్టుకున్న ఒక పెద్దాయన చాలాసేపు లేవలేదు. ఆయన పేరు నాకు తెలియదు, మాట్లాడుకోలేదు కూడా. నేనూ లేవలేదు. గ్రౌండులో లైట్లు ఒక్కొక్కటే ఆర్పుతుంటే చూస్తూ కూర్చున్నాం.

ఆ తర్వాత పెర్త్‌లో వెస్ట్ కోస్ట్ చేతిలో ఓటమి. ఆ పై వారం మన ఊరివాళ్లే అయిన జీడబ్ల్యూఎస్ జెయింట్స్ 42 పాయింట్లతో కొట్టారు. ఆరో మ్యాచ్ కార్ల్‌టన్‌తో, మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండులో, 19 పాయింట్లతో పోయింది. ఆరుకి ఆరు. నెలన్నర క్రితం కప్పు కొడతారనుకున్న జట్టుకి ఒక్క గెలుపూ లేదు. అప్పట్లో సీజన్ మొత్తం ఒక్కో జట్టుకి 22 మ్యాచ్‌లు. పద్దెనిమిది జట్లలో పైనున్న ఎనిమిదే ఫైనల్స్‌కి, అంటే సీజన్ చివర కప్పు కోసం ఆడే మ్యాచ్‌లకి, వెళ్లేవి. మొదటి ఆరూ ఓడి ఫైనల్స్‌కి వెళ్లిన జట్టు అప్పటిదాకా లేదు.

కానీ ఆ ఆరు మ్యాచ్‌ల్లోపల ఏం జరుగుతోందో చూడాలి. మన ఆటగాడు ఐజాక్ హీనీకి గ్లాండ్యులర్ ఫీవర్, అంటే గ్రంథులు వాచే జ్వరం, వచ్చి సీజన్ మొదట్లో ఆడలేకపోయాడు. వెనక లైను కాచే డేన్ ర్యాంపీ చెయ్యి విరిగింది. అనుభవమున్నవాళ్లు ఇంకొందరు గాయాలతో బయటున్నారు. వాళ్ల చోట్లోకి ఆలివర్ ఫ్లోరెంట్, విల్ హేవార్డ్ లాంటి కుర్రాళ్లు వచ్చారు. అదే వాళ్లకు పెద్ద లీగులో మొదటి సీజన్. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల పిల్లలు ముప్పై ఏళ్ల మగవాళ్ల భుజాలకు గుద్దుకుంటున్నారు. కోచ్ జాన్ లాంగ్‌మైర్ వాళ్లను పక్కన పెట్టేయలేదు. ఆడించాడు, ఓడుతున్నా ఆడించాడు. ఆ సీజన్‌లో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించిన సంగతి ఇదే. గెలిచేటప్పుడు కుర్రాళ్లను నమ్మడం ఎవరైనా చేస్తారు.

ఏడో మ్యాచ్ బ్రిస్బేన్‌తో. 54 పాయింట్లతో గెలిచారు. బ్రిస్బేన్ ఆ రోజుల్లో బలహీనమైన జట్టే, అయినా గెలుపు గెలుపే. తర్వాత నార్త్ మెల్‌బోర్న్, సెయింట్ కిల్డా మీద గెలుపులు. ఆ తర్వాత హాథార్న్ చేతిలో ఆరు పాయింట్ల ఓటమి. దానితో మళ్లీ మొదటికి వచ్చామనుకున్నాం. రాలేదు.

జూన్‌లో ఎసెండన్‌తో ఆడిన మ్యాచ్ చెప్పాలి. ఆఖరి క్వార్టర్‌లో, అంటే మ్యాచ్ నాలుగో భాగంలో, మనవాళ్లు వెనకపడ్డారు, ఇక పోయినట్టే. చివరి క్షణాల్లో మన గ్యారీ రోహన్ గాల్లోకి లేచి బంతిని పట్టాడు. అలా శుభ్రంగా పట్టడాన్ని ఈ ఆటలో మార్కు అంటారు. మార్కు పట్టినవాడికి అడ్డం లేకుండా తన్నే హక్కు ఉంటుంది. తన్నాడు. గోల్. ఒక్క పాయింటు తేడాతో గెలిచాం. ఏప్రిల్‌లో కాలింగ్‌వుడ్ చేతిలో పోయింది ఒక్క పాయింటే, జూన్‌లో వచ్చిందీ ఒక్క పాయింటే. ఈ రెండు రాత్రుల్లో జట్టు ఆడిన ఆటలో నిజంగా పెద్ద తేడా ఉందా అని నేను చాలాసార్లు ఆలోచించాను. లేదనే నా నమ్మకం. మొదటి రాత్రి ఓడిన జట్టు అనీ, రెండో రాత్రి గెలిచిన జట్టు అనీ మనం పేర్లు పెట్టాం, అంతే.

ఆ ఏడాది చివరికి లెక్క ఇలా తేలింది. మొదటి ఆరు ఓటముల తర్వాత మిగిలిన పదహారులో పద్నాలుగు గెలిచారు. ఓడిన రెండూ హాథార్న్ చేతిలోనే, రెండూ ఆరేసి పాయింట్లతోనే. అంటే ఒక్కో గోల్. ఆఖరి లీగ్ మ్యాచ్ మళ్లీ కార్ల్‌టన్‌తో, ఆరో ఓటమి ఇచ్చిన జట్టుతోనే. ఆ రోజు మన లాన్స్ ఫ్రాంక్లిన్ ఒక్కడే పది గోల్స్ కొట్టాడు. ఆరో స్థానంలో ఫైనల్స్‌కి వెళ్లారు. ఆరు ఓటములతో మొదలుపెట్టి అలా వెళ్లిన మొదటి జట్టు స్వాన్సే. ఫైనల్స్‌లో ఎసెండన్‌ని 65 పాయింట్లతో కొట్టి, తర్వాతి వారం జీలాంగ్ చేతిలో చిత్తుగా ఓడిపోయారు. కప్పు రాలేదు. అయినా ఎన్నో సీజన్లు చూసిన నాకు మనసులో నిలిచిపోయింది అదే.

పిల్లలకు ఇంకా దగ్గరి కథ కావాలంటే 2024 హాథార్న్. శామ్ మిచెల్ కోచ్, అంతా కుర్రాళ్లు. మొదటి ఐదు మ్యాచ్‌లు ఓడారు, సరిగ్గా మనలాగే. చివరికి ఏడో స్థానంలో ఫైనల్స్‌కి వచ్చి, బుల్‌డాగ్స్‌ని ఓడించి, అడిలైడ్‌లో పోర్ట్ చేతిలో మూడే పాయింట్లతో ఆగిపోయారు.

మనం కూడా అలాగే ఫైనల్స్‌కి వెళతామని చెప్పడానికి నేను ఇక్కడికి రాలేదు. పిల్లలకు అబద్ధం చెప్పకూడదు. మొదట్లో వరుసగా ఓడిన జట్లు చాలావరకు అడుగునే ఉండిపోతాయి. వంద ఏళ్ల కిందట మెల్‌బోర్న్ యూనివర్సిటీ జట్టు ఒకటి ఉండేది. 1914లో ఆ లీగ్‌లోంచి తప్పుకునేలోగా వరుసగా 51 మ్యాచ్‌లు ఓడింది. మన స్వాన్స్ కూడా 1992, 1993లలో వరుసగా 26 మ్యాచ్‌లు ఓడారు. ఆ క్లబ్బు అసలు సౌత్ మెల్‌బోర్న్‌ది, 1982లో సిడ్నీకి వచ్చింది. అప్పట్లో ఈ ఊళ్లో ఆ ఆటే చాలామందికి కొత్త. గెలుపులు లేకపోతే స్టాండులు ఖాళీ అవుతాయి, స్టాండులు ఖాళీ అయితే డబ్బు ఉండదు. క్లబ్బు మూతపడుతుందేమోనని భయపడిన రోజులవి.

అప్పుడు కోచ్‌గా వచ్చినాయన రాన్ బరాసీ. ఆయన గురించి తెలుసుకున్నప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. ఎందుకంటే 1975లో నార్త్ మెల్‌బోర్న్ మొదటి నాలుగు మ్యాచ్‌లూ ఓడినప్పుడు ఆ జట్టు కోచ్ ఈయనే. 1925లో లీగ్‌లోకి వచ్చిన ఆ క్లబ్బుకి యాభై ఏళ్లలో ఒక్క కప్పూ లేదు. అలాంటి జట్టు నాలుగు ఓటములతో మొదలుపెట్టి, సెప్టెంబర్‌లో హాథార్న్‌ని 55 పాయింట్లతో ఓడించి మొదటి కప్పు ఎత్తింది. అంత పేరున్న మనిషి 1993లో, సీజన్ మధ్యలో, ఓటముల మీద ఓటములు తింటున్న స్వాన్స్‌కి వచ్చాడు. వచ్చిన మొదటి వారమే గెలుపు రాలేదు. ఓటములు ఇంకా కొనసాగాయి. జూన్ చివర్లో మెల్‌బోర్న్ మీద గెలిచి ఆ వరుస తెగింది. ఆ సీజన్ మొత్తానికి అదొక్కటే గెలుపు. ఒకే ఒక్కటి. 1994లో మళ్లీ అడుగు స్థానమే.

ఆ క్లబ్బే 1996లో గ్రాండ్ ఫైనల్ ఆడింది. దానికి ముందు మ్యాచ్‌లో ఎసెండన్‌తో స్కోర్లు సమానంగా ఉన్నప్పుడు సైరన్ మోగింది. బంతి మన టోనీ లాకెట్ చేతిలో ఉంది. తన్నాడు. గోల్ కాలేదు, పక్క సందులోంచి పోయింది. బిహైండ్, ఒక్క పాయింటు. ఆ ఒక్క పాయింటుతో గెలిచారు. 2005లో వెస్ట్ కోస్ట్‌ని నాలుగు పాయింట్లతో ఓడించి కప్పు తెచ్చారు. 72 ఏళ్ల తర్వాత ఆ క్లబ్బుకి వచ్చిన కప్పు.

ఇప్పుడు మన జట్టు మాట. ల్యాడర్ అని పిలిచే పట్టికలో గెలుపుకి నాలుగు పాయింట్లు, ఓటమికి సున్నా. రెండు జట్లు సమానమైతే పర్సంటేజ్ చూస్తారు. అంటే మనం కొట్టిన పాయింట్లను మన మీద కొట్టిన పాయింట్లతో భాగించి, నూటితో గుణించి వచ్చే అంకె. కాబట్టి ఓడే మ్యాచ్‌లో కూడా ఆఖరి పది నిమిషాల ఆటకి విలువ ఉంది. మనవాళ్ల మొదటి రెండు మ్యాచ్‌ల్లో ఆఖరి క్వార్టర్ రాగానే కాళ్లు ఆగిపోయాయి. నిన్న ఆగలేదు. నిన్న ఆఖరి క్వార్టర్ ఒక్కటే లెక్కిస్తే మనమే రెండు గోల్స్ ముందున్నాం. బంతి ఉన్నవాడిని గట్టిగా పట్టి ఆపారు, అంటే టాకిల్ చేశారు. బంతి నేల మీద ఎవరిదీ కాకుండా దొర్లుతున్నప్పుడు ముందు వంగింది మనవాళ్లే. కోచ్ ఈ సంగతి గమనించి పిల్లలకు చెప్పాడు. ఇంటికెళ్లే కారులో మనం చెప్పామా? నేను చెప్పలేదు. డ్రైవింగ్ చేస్తూ మా వాడితో, "ఆ రెండో క్వార్టర్‌లో ఆ తన్ను అటెందుకు తన్నావురా?" అన్నాను. వాడు కిటికీ వైపు తిరిగిపోయాడు. ఆ మాట వెనక్కి తీసుకోవాలని రాత్రంతా అనిపించింది. పొద్దున లేచాక క్షమించమని అడిగాను.

ఇంకొకటి. జాబితాలో పిల్లలు తగినంత మంది ఉన్నారు కానీ గత రెండు శనివారాలూ ముగ్గురు నలుగురు రాలేదు. మార్చడానికి బయట మనిషి లేకపోతే ఉన్నవాళ్లే చివరిదాకా పరిగెత్తాలి. అలసిన కాళ్లే ఆఖర్లో గోల్స్ ఇచ్చేస్తాయి. ఇప్పుడు రెండు కుటుంబాలు మానేస్తే మిగిలిన పిల్లలకు జట్టే ఉండదు. ట్యూషన్ వద్దని నేను అనను, మా వాడూ వెళుతున్నాడు. శనివారం క్లాసుని ఆదివారానికి మార్చగలరేమో ట్యూషన్ వాళ్లని అడిగి చూడండి. మేం అడిగితే మార్చారు. సీజన్ ఆగస్టులో అయిపోతుంది. అప్పటిదాకా పిల్లల్ని వదలకండి అని చేతులు జోడించి అడుగుతున్నాను. ఆ తర్వాత వాడికి ఇష్టం లేదంటే మాన్పించండి, నేను ఒక్క మాట అనను.

గురువారం సాయంత్రం ఐదున్నరకి ప్రాక్టీసు. గ్రౌండులో లైట్లు ఆ టైముకే వేస్తారు, చలిగా ఉంటుంది, స్వెట్టర్లు పంపండి. మౌత్‌గార్డ్ మరిచిపోవద్దు, అది లేకపోతే కోచ్ ఆడనివ్వడు. శనివారం మ్యాచ్ తొమ్మిదింటికి. కార్లో చోటున్నవాళ్లు వెళ్లేటప్పుడు తలుపు దగ్గర కాగితం మీద పేరు రాయండి. బ్రేకులో పిల్లలకిచ్చే నారింజ ముక్కలు ఈసారి మా ఇంటి నుంచి వస్తాయి.