కోఠి రెసిడెన్సీ వైట్‌హౌస్‌కి కాపీనా? ముందు తారీఖులు చూడండి

[స్క్రీన్ మీద: కోఠి రెసిడెన్సీ ముందు భాగం, ఆరు స్తంభాలు]

నమస్తే. హైదరాబాద్ కోఠి ఉమెన్స్ కాలేజీ ఆవరణలో ఉన్న ఈ తెల్ల భవనం మీద ఎవరు వీడియో పెట్టినా కింద ఒక కామెంట్ ఖాయం: "అమెరికా వైట్‌హౌస్‌ని చూసి కట్టారు బ్రో." గైడ్‌లు అదే చెప్తారు, టీవీ యాంకర్లు అదే చెప్తారు. వినీ వినీ విసుగొచ్చి ఈ వీడియో చేస్తున్నా.

వైట్‌హౌస్ పని 1792లో మొదలైంది. 1800లో ప్రెసిడెంట్ జాన్ ఆడమ్స్ అందులోకి దిగారు. బాగుంది. కానీ ఇవాళ మనం ఫొటోల్లో చూసే ఆ స్తంభాల పోర్టికోలు, అంటే స్తంభాలతో ముందుకొచ్చిన వాకిళ్లు, అప్పటికి లేవు! దక్షిణం వైపుది 1824లో వచ్చింది. ఉత్తరం వైపుది, అంటే టీవీ వార్తల్లో రిపోర్టర్ల వెనక కనిపించేది, 1829–30లో కట్టారు. మన రెసిడెన్సీ పని 1803లో మొదలై కొద్ది ఏళ్లలోనే పూర్తయింది. మరి లేని పోర్టికోని ఎలా కాపీ కొట్టారు? అలాగని అమెరికా వాళ్లే మనల్ని చూసి కట్టుకున్నారని వాట్సాప్‌లో పెట్టేయకండి, దండం పెడతా. ఇద్దరూ చదివింది ఒకే గురువు దగ్గర, అంతే.

ఆ గురువు ఆండ్రియా పల్లాడియో. పదహారో శతాబ్దపు ఇటలీ మనిషి. రోమన్ల గుడి ముఖభాగం ఉంటుంది కదా, వరసగా స్తంభాలు, వాటి మీద త్రికోణం, దాన్ని తెచ్చి మామూలు ధనవంతుల ఇళ్ల ముందు పెట్టాడు. పైగా 1570లో తన డిజైన్లన్నీ బొమ్మలతో సహా పుస్తకంగా అచ్చేయించాడు. ఆ పుస్తకం పట్టుకుని రెండు వందల ఏళ్లపాటు ఇంగ్లండులో జమీందార్లు ఇళ్లు కట్టుకున్నారు, అమెరికాలో కట్టుకున్నారు, ఇక్కడ ఈస్టిండియా కంపెనీ దొరలూ కట్టుకున్నారు. కోఠి భవనానికి డిజైన్ గీసింది మద్రాస్ ఇంజనీర్స్‌లో లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్. కట్టించింది నిజాం దర్బారులో కంపెనీ రెసిడెంట్, అంటే కంపెనీ ప్రతినిధి, జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. ఖర్చు పెట్టుకున్నది? నిజాం! అతిథికి ఇల్లు కట్టించి, ఆ అతిథి చెప్పినట్టు వినాల్సి రావడం, అదో పెద్ద కథ. ఇంకో వీడియోలో తిట్టుకుందాం.

నన్నడిగితే ఈ భవనం పోటీ పడింది వాషింగ్టన్‌తో కాదు, కలకత్తాతో. గవర్నర్ జనరల్ వెల్లస్లీ అక్కడ 1803లో పెద్ద గవర్నమెంట్ హౌస్ పూర్తి చేశాడు. ఊరు చిన్నదైనా దర్జా తగ్గకూడదని ఇక్కడి రెసిడెంటుకీ అనిపించి ఉంటుంది. ఇది నా అభిప్రాయం మాత్రమే.

స్థలం గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. కిర్క్‌పాట్రిక్ పెద్ద కాగితం మీద ప్లాన్ గీయించి తీసుకెళ్తే నిజాం అలీ ఖాన్ వెంటనే కాదన్నారట. తర్వాత దర్బారులో మనిషి అసలు సంగతి చెప్పాడట: తన రాజ్యం మొత్తం మ్యాపు కూడా అంతే సైజు కాగితం మీద చూశారు ప్రభువులు, మీరు దాదాపు అంత రాజ్యం అడుగుతున్నారనుకున్నారు. చిన్న కార్డు మీద అదే ప్లాన్ గీసుకెళ్తే సరేనన్నారట. ఆర్కిటెక్చర్ పిల్లలకి స్కేల్ పాఠం చెప్పేటప్పుడు ఈ కథతో మొదలుపెట్టాలి.

[స్క్రీన్ మీద: స్తంభం దగ్గరగా, పై భాగంలో ఆకులు]

ఇక అసలు విషయం. నాకు ఈ భవనంలో పిచ్చి ఇష్టమైనవి ఈ స్తంభాలు. రెండంతస్తుల ఎత్తు. పైన ఆకులు చెక్కినట్టున్నాయి చూడండి, దాన్ని కొరింథియన్ పద్ధతి అంటారు. వైట్‌హౌస్ పోర్టికోలో ఆకుల బదులు రెండు చుట్టలుంటాయి, అది అయానిక్. కాపీ అన్నవాళ్లు కనీసం తల పైకెత్తి చూడలేదన్నమాట.

చాలామంది వీటిని పాలరాయి అనుకుంటారు. రాయి కాదు. లోపల ఇటుక, పైన సున్నపు గచ్చు. మన చుట్టూ ఎక్కడ చూసినా గ్రానైట్ గుట్టలే, మెట్లకు దాన్నే వాడారు. కానీ ముతక గ్రానైట్‌లో ఇంత పల్చటి ఆకులు తీయాలంటే ఏళ్లు పడుతుంది. "కాకతీయులు చెక్కలేదా?" అని అడుగుతారు. చెక్కారు, కానీ ఆ నగిషీకి వాళ్లు ఏరుకున్నది సన్నటి నల్లరాయి. గచ్చు పని మాత్రం ఈ ఊళ్లో అప్పటికే రెండు వందల ఏళ్ల నుంచీ ఉంది. చార్మినార్ మీద పువ్వులూ, కుతుబ్‌షాహీ సమాధుల మీద నగిషీలూ అన్నీ సున్నమే. కాగితం మీద గీత ఇటలీది, చేతి పని దక్కనుది. ఆ ఆకుల మొక్క పేరు అకాంథస్, మధ్యధరా సముద్రపు ఒడ్డున పెరుగుతుంది. ఇక్కడి మేస్త్రీలు దాన్ని చూసి ఉండే అవకాశం తక్కువ. అయినా ఎలా తీశారో చూడండి!

గచ్చు అంటే మామూలు సున్నం కాదు. సున్నపురాయినో గవ్వల్నో బట్టీలో కాల్చి, నీళ్లలో విరిపించి, నానబెట్టి, ఇసకతో కలిపి గానుగలో రోజుల తరబడి నూరతారు. దాన్నే డంగు సున్నం అంటాం. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోస్తారు. మద్రాసు వైపు మెరుగు పూతకి కోడిగుడ్డు తెల్లసొన, పెరుగు కలిపి, చివర్లో నున్నటి రాయితో రుద్ది రుద్ది అద్దంలా చేస్తారు. ఆ తర్వాత సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటూ మెల్లగా మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. అంటే పాలరాయి అనుకున్నవాళ్లది మరీ అంత తప్పేం కాదు, రెండూ కాల్షియం కార్బొనేటే!

ఇప్పుడు పాత కట్టడాల దగ్గర జరిగే ఘోరం. గోడ పెచ్చులూడితే వెంటనే ఎవరో ఒకరు సిమెంటు బస్తా తెస్తారు. "గట్టిగా ఉంటుంది సార్." సున్నపు పూత నూలు చొక్కా. సిమెంటు పూత రెయిన్‌కోటు. మే నెలలో కోఠి బస్టాండులో రెయిన్‌కోటు వేసుకుని నిలబడండి, బయట నుంచి చుక్క నీరు రాదు, లోపల మీరు ఉడికిపోతారు. ఇటుక గోడకీ ఒంటికి పట్టినట్టే చెమట పడుతుంది. నేలలోంచి తడి ఎక్కుతుంది, పైకప్పు కారితే దిగుతుంది. నూలు చొక్కా ఆ తడిని బయటికి వదిలేస్తుంది. రెయిన్‌కోటు వదలదు. తడి లోపలే ఉండి, దానితో వచ్చిన లవణాలు పూత వెనక స్ఫటికాలు కట్టి ఇటుకని పొడి చేస్తాయి. పైన ప్లాస్టిక్ పెయింటు వేశారనుకోండి, రెయిన్‌కోటు గుండీలు మెడ దాకా పెట్టినట్టు.

ఇంకో సంగతి. చొక్కా మాసిపోతుంది, చిరుగుతుంది. అందుకే సున్నపు పూత రాలిపోతే కంగారు పడక్కర్లేదు, ఒంటికి తగలాల్సింది బట్టకి తగిలింది. కొత్తది తొడగాలి, అంతే. ఆ తొడగడానికి డబ్బూ, గానుగ సున్నం తెలిసిన మేస్త్రీ, రెండూ దొరకవు, అదీ టెన్షన్. చెప్తే నమ్మరు గానీ, వైట్‌హౌస్‌ని కూడా 1798లో మొదటిసారి సున్నపు పూతతోనే తెల్లగా చేశారు, ఇసకరాయి రంధ్రాల్లోకి నీళ్లు దిగి గడ్డకట్టి పగలకుండా. పోలిక కావాలంటే ఇది చెప్పండి, ఒప్పుకుంటా.

అయ్యో, టైమ్ అయిపోతోంది. గబగబా లోపలికి వెళ్దాం.

[స్క్రీన్ మీద: దర్బార్ హాలు, మెట్లు]

లోపల రెండంతస్తుల ఎత్తున దర్బార్ హాలు, చుట్టూ పైన గ్యాలరీ. రెండు పాయలుగా చీలే మెట్లు. దర్బార్ అంతా చూపించుకోవడానికే. 1949లో కథ మారింది. 1924లో పుట్టిన మహిళా కళాశాల ఈ భవనంలోకి వచ్చింది. రాయబారులు బిగుసుకుని నడిచిన మెట్ల మీద అమ్మాయిలు నోట్సు పట్టుకుని పరిగెత్తారు. "కాలేజీ వల్లే పాడైంది" అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. మనుషులు తిరగని ఎన్ని దేవిడీలు, అంటే నవాబుల పాత భవంతులు, ఈ ఊళ్లో నేలమట్టం కాలేదు? పిల్లలు ఉన్నారు కాబట్టే కూల్చలేదు. కానీ బరువు, వైరింగు, కారే పైకప్పు కలిసి దెబ్బ తీశాయి. 2002లో పాత కట్టడాలను కాపాడే అంతర్జాతీయ సంస్థ వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ తన ప్రమాద జాబితాలో పెట్టింది, తర్వాత మరమ్మతులు జరిగాయి. ఇప్పుడది రక్షిత కట్టడం. కాలేజీ చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయమైంది.

ఇంకా మిగిలినవి: 1857 జులై 17న తిరుగుబాటు నాయకుడు తుర్రెబాజ్ ఖాన్ మనుషులు దాడి చేసింది ఈ రెసిడెన్సీ మీదే, ఆ తర్వాతే ప్రహరీని బురుజులతో గట్టి చేశారు. కిర్క్‌పాట్రిక్ 1805లో కలకత్తాలో చనిపోయాడు. ఆయన భార్య ఖైరున్నీసా ఉన్న రంగ్ మహల్‌ని తర్వాతి రెసిడెంట్లు కూల్చేశారు. తోటలో భవనానికి చిన్న నమూనా ఒకటుంది, పరదా దాటి రాలేని ఆమె కోసం కట్టించాడని చెప్పుకుంటారు. వెళ్లినప్పుడు పెద్ద భవనం చూశాక ఆ నమూనా కూడా చూసి, స్తంభాలు సరిగ్గా లెక్కపెట్టి కామెంట్లో రాయండి.