నొప్పి అని రాసినందుకు

సభకు నమస్కారం. అధ్యక్షుల వారు నా గురించి చెప్పినదాంట్లో సగం నిజం, తక్కింది వారి అభిమానం. కరపత్రంలో ‘జంతు చైతన్యం - విజ్ఞాన శాస్త్రం’ అని పెద్ద మాటే వేశారు. నేను పశువుల డాక్టర్ని. గేదె సంగతైతే చెప్పగలను.

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఈనిన గేదెకు దూడ చచ్చిపోయింది. గేదె చేపడం, అంటే పాలు కిందికి దింపడం, మానేసింది. మా నాన్న ఆ దూడ తోలులో గడ్డి కూరించి, కర్రలు కాళ్లుగా పెట్టి, తవుడు చల్లి దాని ముందు నిలబెట్టాడు. గేదె నాకింది. చేపింది. అమ్మ చెంబు నిండా పితికింది. ఇది చూసినవాళ్లు చేతులెత్తండి... అబ్బో, చాలామందే ఉన్నారు. అయితే ఇదీ చూసే ఉంటారు. ఆ రాత్రి మా గేదె గడ్డిదూడ వంక తిరగనైనా లేదు. దూడను మోసుకెళ్లిన దారి వైపు మెడ చాచి తెల్లవార్లూ అరిచింది.

కాలేజీలో ఈ మాట చెబితే ప్రొఫెసరు గారు నవ్వారు. “దూడ వాసన తగిలితే ఆక్సిటోసిన్ అనే హార్మోను ఊరుతుంది, పాలు దిగుతాయి. అంతేనయ్యా.” చేపు సంగతి సరే, అరుపు సంగతేంటండీ అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. కేస్ షీట్లో నేను ‘నొప్పి’ అని రాస్తే కొట్టేసి ‘ప్రతిస్పందన’ అని దిద్దారు.

ఆయన వాదన తేలికైనదేమీ కాదు. థామస్ నేగెల్ అనే తత్వవేత్త 1974లో ఇదే చిక్కు పెట్టాడు. గబ్బిలం మెదడూ కూతా ఎంత కొలిచినా, గబ్బిలానికి లోపల ఎలా ఉంటుందో మనకు అందదన్నాడు. నిజమే. మా ఆవిడ పంటినొప్పి కూడా నాకు అందదు. అందలేదు కాబట్టి లేదంటే ఊరుకుంటుందా?

2000లో బ్రిటన్‌లో కుంటి బ్రాయిలర్ కోళ్ల ముందు రెండు రకాల దాణా పెట్టారు. ఒకదాంట్లో కార్‌ప్రొఫెన్ అనే నొప్పి మందు కలిపారు. బాగున్న కోళ్ల కన్నా కుంటివి మందు దాణా ఎక్కువ తిన్నాయి. కుంటు ఎంత ముదిరితే అంత ఎక్కువ. కోడి మనసులోకి ఎవరూ దూరలేదు, కోడినే అడిగారు! ముల్లు గుచ్చుకుంటే కాలు లాక్కోవడానికి వెన్నుపాము చాలు. ఏ దాణా తింటే హాయిగా ఉందో గుర్తుంచుకుని మళ్లీ దాని దగ్గరికే పోవడం వెన్నుపాము పనేనా? రుజువు అనను, ఆధారం అంటాను. ఇలాంటి ఆధారాలు చూసే బ్రిటన్‌వాళ్లు జంతువులకు అనుభూతి ఉందని ఒప్పుకునే 2022 చట్టంలో పీతల్నీ ఆక్టోపస్‌లనీ కూడా చేర్చారు.

చీటీ వచ్చింది, రెండు నిమిషాలట. ఒక్కటి చెప్పి దిగుతాను. 1960 నాటి మన జంతుహింస నివారణ చట్టంలో ‘అనవసరమైన నొప్పి’ అని ఉంది. ప్రొఫెసరు గారు కొట్టేసిన మాటే! అదే చట్టం విత్తులు నొక్కడాన్ని, అంటే వృషణాలు పనిచేయకుండా చేయడాన్ని, మాత్రం మినహాయించింది. మత్తు ఇచ్చి తీరాలన్న నిబంధనలు 2023లో వచ్చాయి. అప్పటికి నేను రిటైరయ్యాను.

అంటే నా సర్వీసంతా మత్తు లేకుండానే. నలుగురు కోడెను పడేసి అదిమి పట్టుకుంటే, విత్తుల నరం దొరకబుచ్చుకుని, దాన్ని నలిపే బర్డిజో పటకారు మూసేవాణ్ణి. నిమిషం పట్టదు. కోడె అరిచేది కాదు, గుడ్లు తేలేసేది. వారం పోయాక వాపు చూద్దామని ఒకరింటికి వెళ్లాను. సందు మొగలో నా స్కూటర్ చప్పుడు వినగానే కోడె పలుపు తెంచుకుని గడ్డివామి వెనక్కి పరిగెత్తింది. “మిమ్మల్ని గుర్తుపట్టిందండీ డాక్టరు గారూ” అని రైతు నవ్వాడు.

ఆ రోజు నేనూ నవ్వాను.