బ్యూటేన్ అనుకున్నాం, ఈథేన్ దగ్గరే ఆగాం

రమణ: నమస్కారం. అనంతపురం నుంచి మళ్ళీ మేమిద్దరం. ఈ వారం బ్యూటేన్, అంటే నాలుగు కార్బన్ల అణువు గురించి చెబుతామని మాట ఇచ్చాం. అక్కా, బొరుగుల డబ్బా పక్కన పెట్టావా?

సుజాత: పెట్టాను. చేతిలో వేరుశనక్కాయలు ఉన్నాయి, తినడానికి కాదు.

రమణ: మళ్ళీ నమూనా!

సుజాత: ఎప్పటికీ నమూనాయే. రెండు కాయల మధ్య ఒక పుల్ల, ఒక్కో కాయకు మూడేసి చీపురు పుల్లలు. కాయలు కార్బన్లు, పుల్లలు బంధాలు, ఆ మూడేసి పుల్లల చివర హైడ్రోజన్లు అనుకో. ఇదే ఈథేన్. ఒక కాయ వైపు నుంచి చూడు. ముందు పుల్లలు వెనక పుల్లలను కప్పేస్తే ఎక్లిప్స్‌డ్, గ్రహణం పట్టినట్టు. అరవై డిగ్రీలు తిప్పితే వెనకవి సందుల్లోంచి కనిపిస్తాయి. అది స్టాగర్డ్.

రమణ: రెండింటికీ శక్తిలో తేడా మోల్‌కు సుమారు 12 కిలోజౌల్స్, ఎక్లిప్స్‌డ్‌కే ఎక్కువ. ఎక్లిప్స్‌డ్‌లో హైడ్రోజన్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి. సరే, బ్యూటేన్‌కు వెళ్దాం.

సుజాత: ఆగు తమ్ముడూ. ఆ ‘కాబట్టి’ దగ్గర నాకు పేచీ ఉంది. హైడ్రోజన్ ఎంత చిన్నది! ఎదురెదురుగా వచ్చినా అంచులు తాకీ తాకనట్టే ఉంటాయి. అంత మాత్రానికి 12 కిలోజౌల్సా?

రమణ: పరమాణువులు తాకాలని ఎవరన్నారు? బంధాల్లోని ఎలక్ట్రాన్ జంటలు దగ్గరైతే చాలు, వికర్షణ మొదలవుతుంది.

సుజాత: 2001లో నేచర్ అనే సైన్సు పత్రికలో పోఫ్రిస్టిక్, గుడ్‌మన్ అనే పరిశోధకులు దీన్ని తిరగేశారు. ఎక్లిప్స్‌డ్‌కు కష్టం రావడం కాదు, స్టాగర్డ్‌కు అదనపు సుఖం దొరుకుతుందన్నారు. ఒక సీ-హెచ్, అంటే కార్బన్-హైడ్రోజన్ బంధంలోని ఎలక్ట్రాన్లు, సరిగ్గా వెనక్కి తిరిగి ఉన్న అవతలి సీ-హెచ్ బంధపు ఖాళీ ఆర్బిటాల్‌లోకి, అంటే ఎలక్ట్రాన్లు ఉండగలిగే ఖాళీ చోటులోకి, కొంచెం జారతాయి. దీని పేరే హైపర్‌కాంజుగేషన్.

రమణ: 2003లో బికెల్‌హాప్ట్, బారెండ్స్ దాన్ని ఖండించారు కదా! వాళ్ళ లెక్కలో ప్రధాన కారణం వికర్షణే. నేను అటువైపే.

సుజాత: నేను ఇటువైపు. కానీ నా బాధ వేరు. పిల్లలకు ఈ తగవు ఉందనే ఎవరూ చెప్పరు. నా చదువులో కారణం అడిగితే ‘రాసుకో, చాలు’ అన్నారు. ఇరవై ఏళ్ళయినా ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది.

రమణ: ...నాకూ అలాగే చెప్పారక్కా.

సుజాత: 1936కు ముందు సీ-సీ బంధం, అంటే రెండు కార్బన్ల మధ్య బంధం, అడ్డూ అదుపూ లేకుండా తిరుగుతుందనే చాలామంది అనుకునేవారు. అలా లెక్కవేసిన ఎంట్రొపీ, అంటే అణువులు ఎన్ని రకాలుగా ఉండగలవో చెప్పే కొలత, ప్రయోగంలో కొలిచిన ఎంట్రొపీతో కలవలేదు. కెంప్, పిట్జర్ అనే శాస్త్రవేత్తలు ఆ తేడాను వదలకుండా పట్టుకున్నారు. తిరగడానికి అడ్డు ఉందని అలా తేలింది. ప్రశ్న అడగనిస్తే ఇలాంటివి దొరుకుతాయి!

రమణ: సమయం అయిపోతోంది. బ్యూటేన్ గబగబా చెప్పేస్తాను. చివర్లలోని మిథైల్‌లు, అంటే ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ల గుంపులు, రెండూ ఎడమొహం పెడమొహంగా ఉంటే ఆంటీ, అన్నిటికంటే స్థిరం. అరవై డిగ్రీల్లో ఉంటే గాష్, సుమారు 3.8 కిలోజౌల్స్ ఎక్కువ. మామూలు ఉష్ణోగ్రతలో పది అణువుల్లో దాదాపు ఏడు ఆంటీగానే ఉంటాయి.

సుజాత: చెబితే సరిపోదు, చేతికి తెలియాలి. రెండు వైపులా ఒక్కో పుల్ల చివర చింతగింజ గుచ్చుదాం. మిథైల్ అదే.

రమణ: చింతగింజకు పుల్ల దిగదక్కా.

సుజాత: రాత్రికి నానబెడతాను.