భీమవరం బిడ్డ, బోదకాలు మాత్ర

సభాధ్యక్షులకు, ఈ గ్రంథాలయాన్ని కన్నబిడ్డలా సాకుతున్న కార్యవర్గ సభ్యులకు, సంక్రాంతి సెలవుల్లో ఆటలు మానుకొని వచ్చి కూర్చున్న పిల్లలకు నమస్కారాలు, ఆశీస్సులు. చరిత్ర ప్రసిద్ధుల జీవితాల్లోని ఆసక్తికరమైన విశేషాలు చెప్పమని నన్ను కోరారు. నలుగురి గురించి రాసుకొని వచ్చాను గాని, ఈ రోజు జనవరి 12. 1895లో ఇదే తేదీన ఇదే భీమవరంలో పుట్టిన వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారిని దాటి ముందుకు పోవడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు.

అరటిపళ్ళు అమ్మి సంపాదిద్దామని చిన్నతనంలో ఆయన కాశీకి పారిపోబోయిన సంగతి, మెట్రిక్ రెండుసార్లు తప్పిన సంగతి మీరు వినే ఉంటారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. పేగులను చెడగొట్టే సంగ్రహణి వ్యాధి ఆయన అన్నదమ్ములిద్దరిని పొట్టన పెట్టుకుంది. ఆయనకూ సోకితే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బతికి బయటపడ్డారు. 1920ల మొదట్లో అమెరికాలోని బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు కడుగుతూ చదువుకున్న ఆ మనిషి నాయకత్వంలోనే, 1945లో లెడర్లీ అనే మందుల సంస్థ ప్రయోగశాల ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను తయారుచేసింది. ఆ ఫోలిక్ ఆమ్లమే సంగ్రహణికి మందయింది. తోడబుట్టినవారిని మింగిన జబ్బును ఆయన అంత దూరం వెంటాడి పట్టుకున్నారని నేను అనుకుంటాను.

ఇక నేను చెప్పితీరవలసిన విషయానికి వస్తాను. మా నాయనమ్మకు బోదకాలు ఉండేది. ఇంటికి చుట్టాలు వస్తే చీర కుచ్చెళ్ళు కిందికి లాగి ఆ కాలిని కప్పుకొనేది. పెళ్ళిళ్ళకు వెళ్ళేది కాదు. ఏ చెప్పూ ఆ పాదానికి పట్టేది కాదు. గజ్జల్లో బిళ్ళ కట్టి చలిజ్వరం వచ్చిన రాత్రుల్లో ఆమె మూలుగు వింటూ పెరిగినవాణ్ణి గనుకనే ఫైలేరియా, అంటే బోదకాలు, నివారణ విభాగంలో ఉద్యోగానికి చేరాను. ఈ జబ్బు తెచ్చే పురుగు పిల్లలు ఎక్కువగా రాత్రివేళే రక్తంలో కనిపిస్తాయి కాబట్టి, మేము రాత్రి ఎనిమిదిన్నర దాటాక గాజుపలకలు, సూదులు పట్టుకొని ఇంటింటికీ తిరిగి, నిద్రపోతున్న వారిని లేపి వేలిని గుచ్చేవాళ్ళం. తిట్టినవారు ఉన్నారు, మంచినీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టినవారూ ఉన్నారు.

2004 నుంచి దేశంలో బోదకాలు మాత్రల సామూహిక పంపిణీ జరిగింది. రెండు నుంచి ఐదేళ్ళ పిల్లలకు ఒకటి, ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వారికి రెండు, ఆపైవారికి మూడు. వాచిన కాలును ఆ మాత్ర తిరిగి మామూలు చేయదు. రక్తంలోని పురుగు పిల్లలను చంపి, దోమ ద్వారా జబ్బు మరొకరికి పాకకుండా ఆపుతుంది. చాలామంది తీసుకొని గూట్లో పెట్టేసేవారు. అందుకే ఎదుట నిలబడి, నీళ్ళ గ్లాసు అందించి, గొంతు దిగేదాకా చూసేవాణ్ణి. ఇక్కడున్న పెద్దల్లో ఆ మాత్ర మింగినవారు ఎందరో ఒకసారి చేతులెత్తండి. చూశారా పిల్లలూ, సభలో సగం మంది!

ఆ మాత్ర పేరు డైఇథైల్ కార్బమజైన్. 1947లో దాన్ని లోకానికి అందించింది సుబ్బారావు గారి నేతృత్వంలోని పరిశోధకులే. మరుసటి ఏడాదే, స్వదేశానికి ఒక్కసారైనా తిరిగి రాకుండానే, 53వ ఏట ఆయన న్యూయార్కులో కన్నుమూశారు.

పంపిణీకి వెళ్ళిన ఒక ఇంట్లో ఒక ముసలమ్మ మాత్రను అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూస్తూ, "ఇది ఎక్కడి మందు, నాయనా?" అని అడిగింది. విదేశాలవాళ్ళు కనిపెట్టిందని చెప్పాను. ఇన్నేళ్ళూ ఈ చేతులతో పంచిన మందు వెనుక ఈ ఊరి మనిషి ఉన్నాడని ఉద్యోగ విరమణ తరువాతనే తెలుసుకున్నాను. శిక్షణ తరగతుల్లో మోతాదులు నేర్పారు గాని, ఆయన పేరు ఎవరూ చెప్పలేదు. ఆమెకు తప్పు చెప్పానన్న బాధ నాలో ఇప్పటికీ ఉంది.

అందుకే ఆయన పేరు, పుట్టిన ఊరు, ఈ మాత్ర సంగతి పెద్ద అక్షరాలతో రాయించిన పలక ఒకటి తెచ్చాను. పిల్లల పుస్తకాల బీరువా పక్కన, వాళ్ళ చూపుకు అందే ఎత్తులో తగిలించమని ప్రార్థిస్తూ, అధ్యక్షులవారి చేతికి ఇప్పుడే అందజేస్తున్నాను.